మీ అకౌంట్ ఆపడానికి ట్యాక్స్ ఆఫీసర్‌కి జడ్జి సంతకం అక్కర్లేదా?

ఈ ఎపిసోడ్ సికింద్రాబాద్ నుంచి మాట్లాడుతున్నా. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, ప్యాట్నీ సెంటర్ దగ్గర్లో నిశ్శబ్దం దొరకడం అంత ఈజీ కాదు.

ఒక సీన్ ఊహించుకోండి. రాణిగంజ్‌లో మోటార్ పంపులు, స్పేర్ పార్ట్స్ అమ్మే చిన్న షాపు. పొద్దున పది గంటలకి షట్టర్ ఎత్తారు. సప్లయర్‌కి డబ్బులు పంపుదామని ఫోన్ తీస్తే పేమెంట్ ఫెయిల్. మళ్లీ ట్రై చేస్తే మళ్లీ ఫెయిల్. బ్యాంకుకి ఫోన్ చేస్తే "సార్, మీ అకౌంట్ మీద ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ వచ్చింది, మేమేం చేయలేం" అంటారు. అప్పుడు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఏంటి? "కోర్టు ఆర్డర్ ఉందా?"

లేదు. అక్కర్లేదు కూడా. మన చట్టం ప్రకారం ఆ లెటర్ మీద జడ్జి సంతకం ఉండాల్సిన పని లేదు. చాలామందికి ఇక్కడే షాక్ తగులుతుంది. అసలు ఇది ఎలా నడుస్తుంది, ఎప్పటి నుంచి నడుస్తోంది, ముందు కోర్టు పర్మిషన్ తీసుకోవాలి అని రూల్ పెడితే ఏమవుతుంది, ఇవాళ ఇవన్నీ మాట్లాడుకుందాం.

ముందు మామూలు అప్పు సంగతి చూద్దాం. మీరు నాకు రెండు లక్షలు ఇవ్వాలి, ఇవ్వట్లేదు. నేనేం చేయాలి? సిటీ సివిల్ కోర్టులో దావా వేయాలి. నోటీసు వెళ్తుంది, మీరు వచ్చి మీ మాట చెప్తారు, వాయిదాలు నడుస్తాయి. చివరికి డిక్రీ వస్తే, దాన్ని పట్టుకుని మళ్లీ ఈపీ వేయాలి. అప్పుడు గానీ మీ ఆస్తి మీదకి, మీ జీతం మీదకి రాలేను. చిట్ ఫండ్ కంపెనీ అయినా, పక్కింటి అంకుల్ అయినా ఇదే దారి. బ్యాంకులకి 2002లో సర్ఫేసీ చట్టం వచ్చాక కొంచెం షార్ట్‌కట్ దొరికింది. కానీ తాకట్టు పెట్టిన ఇల్లు ఖాళీ చేయించడానికి సాయం కావాలంటే బ్యాంకు కూడా మెజిస్ట్రేట్ దగ్గరికే వెళ్లాలి.

ప్రభుత్వానికి పన్ను బాకీ ఉంటే కథ వేరు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో అసెస్‌మెంట్ అయ్యాక డిమాండ్ నోటీసు వస్తుంది. కట్టడానికి మామూలుగా 30 రోజులు. ఆ గడువు దాటితే మీరు "బకాయిదారు". ఆ తర్వాత 1961 నాటి చట్టంలో 226(3) అనే సెక్షన్ కింద ఆఫీసర్ నేరుగా మీ బ్యాంకుకి, మీ కంపెనీకి, మీ ఇంట్లో అద్దెకున్న వాళ్లకి, మీకు డబ్బులివ్వాల్సిన ఎవరికైనా "ఆయనకి ఇవ్వకండి, మాకు ఇవ్వండి" అని రాయొచ్చు. బ్యాంకు ఆ మాట వినకపోతే ఆ బాకీ బ్యాంకు మెడకే చుట్టుకుంటుంది. అందుకే మేనేజర్ మీతో వాదన పెట్టుకోడు, లెటర్ రాగానే ఆపేస్తాడు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి గానీ పద్ధతి దాదాపు అదే.

జీఎస్టీలోనూ 79వ సెక్షన్‌లో ఇలాంటి అధికారమే ఉంది. ఆర్డర్ అందాక మూడు నెలలు ఆగాలి, ఆ తర్వాత బ్యాంకుకి లెటర్, సరుకు జప్తు, భూమి శిస్తు బకాయిలాగా కలెక్టర్ ద్వారా వసూలు. ఆఫీసర్ కారణం రాసి ఆ మూడు నెలల్ని తగ్గించుకోవచ్చు కూడా. ఇదే సెక్షన్‌లో ఒక మూలన ఇంకో దారి ఉంది. ఆఫీసర్ మెజిస్ట్రేట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు, మెజిస్ట్రేట్ దాన్ని తాను వేసిన జరిమానాలాగా వసూలు చేస్తాడు. అంటే కోర్టు అనే మాట చట్టంలో లేకపోలేదు. కానీ అది ఆఫీసర్ ఇష్టం. చేతిలో లెటర్‌హెడ్ ఉండగా కోర్టు మెట్లు ఎవరు ఎక్కుతారు చెప్పండి?

సికింద్రాబాద్‌లో ఈ తేడా ఇంటి పన్నులో కూడా కనిపిస్తుంది. ఇక్కడ ఒక రోడ్డు దాటితే చట్టం మారిపోతుంది తెలుసా? మోండా మార్కెట్, జనరల్ బజార్ వైపు 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం. ఇంటి పన్ను కట్టకపోతే కమిషనర్ పేరు మీదే వారంట్ వస్తుంది, మీ సామాను జప్తు చేయొచ్చు. అటు కంటోన్మెంట్ వైపు వెళ్తే 2006 నాటి కంటోన్మెంట్స్ చట్టం. ఆ బోర్డు కూడా తన వారంట్‌తో జప్తు చేయొచ్చు. కానీ అదే చట్టంలో, బకాయి కోసం సివిల్ దావా వేయొచ్చు, లేదా ఆ ఏరియా మీద అధికారం ఉన్న జ్యుడీషియల్ మెజిస్ట్రేట్‌కి దరఖాస్తు పెట్టి ఆస్తి జప్తు చేయించొచ్చు అని కూడా రాసి ఉంది. 1924 నాటి పాత కంటోన్మెంట్ చట్టంలోనూ ఈ దారి ఉండేది. సో, పన్ను వసూలుకి మధ్యలో మెజిస్ట్రేట్ ఉండాలి అనేది ఎవరో ఫారిన్ నుంచి తెచ్చిన ఐడియా కాదు. మన ఊళ్లోనే, వందేళ్లుగా కాగితం మీద ఉంది. కాకపోతే "తప్పనిసరిగా" అనే మాట లేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఇది బోరింగ్ హిస్టరీ కాదు, వినండి.

1855లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక కమిషన్ రిపోర్టు ఇచ్చింది. దాన్ని టార్చర్ కమిషన్ అంటారు. అప్పట్లో గుంటూరు, నెల్లూరు, కడప, గోదావరి జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే. శిస్తు వసూలు కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారా లేదా అనేది కమిషన్ ముందున్న ప్రశ్న. పెడుతున్నారు అని తేల్చింది. ఎక్కువగా వాడే రెండు పద్ధతుల తెలుగు పేర్లు కూడా ఆ రిపోర్టులో ఉన్నాయి. ఒకటి చీరట. రెండు చెక్కల మధ్య చేతివేళ్లు పెట్టి, నిమ్మకాయ పిండినట్టు నొక్కడం. రెండోది జింగెరి. మనిషిని వంచి, తలని కాళ్లకి తాడుతో కట్టేసి ఎండలో ఉంచడం. ఇదంతా ఎందుకు? కొన్ని అణాలు, కొన్ని రూపాయల బాకీ కోసం.

కమిషన్ గుర్తించిన అసలు సమస్య క్రూరత్వం ఒక్కటే కాదు. శిస్తు ఎంతో చెప్పేదీ, వసూలు చేసేదీ, పోలీసు అధికారం ఉన్నదీ ఒకే తహసీల్దారు. బాధితుడు ఫిర్యాదు చేయాలన్నా ఆయన దగ్గరికే వెళ్లాలి. ఆ తర్వాత 1859లో చట్టం చేసి మద్రాసులో పోలీసుల్ని రెవెన్యూ నుంచి విడదీశారు. 1864లో రెవెన్యూ రికవరీ చట్టం వచ్చింది. మన దగ్గర "ఆర్ఆర్ యాక్ట్ పెట్టారు" అంటుంటారే, అదే. అందులో హింస లేదు, నోటీసు, జప్తు, వేలం, వీటన్నిటికీ ఒక పద్ధతి పెట్టారు. కానీ బాకీదారుణ్ని పట్టుకుని నిర్బంధించే అధికారం మాత్రం కలెక్టర్ చేతిలోనే ఉంచారు.

రాజ్యాంగం వచ్చాక ఎవరో ఒకరు అడగాలి కదా, ఇది చెల్లుతుందా అని. అడిగారు. మలబార్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ బాకీ కోసం కలెక్టర్ ఈ 1864 చట్టం కిందే ఒకరిని అరెస్టు చేయించారు. హైకోర్టు విడిచిపెట్టమంది. 1957లో సుప్రీంకోర్టు ఆ తీర్పు తిప్పేసింది. ఇది నేరానికి చేసిన అరెస్టు కాదు, బాకీ రాబట్టుకునే ఒక పద్ధతి మాత్రమే, కాబట్టి 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలనే రక్షణ దీనికి వర్తించదు అని చెప్పింది. నాకైతే ఆ లాజిక్ ఇప్పటికీ మింగుడు పడదు. దొంగతనం చేసినవాడు ఒక్క రోజులో జడ్జిని చూస్తాడు, పన్ను బాకీ ఉన్నవాడు చూడక్కర్లేదట. ఇన్‌కమ్ ట్యాక్స్ 1961 చట్టంలో కూడా ట్యాక్స్ రికవరీ ఆఫీసర్ ముందు షోకాజ్ నోటీసు ఇచ్చి, కారణాలు రాసి, సివిల్ జైలుకి పంపొచ్చు. 250 రూపాయలు దాటిన బాకీ అయితే ఆరు నెలల వరకు. అవును, రెండు వందల యాభై. మీ బిర్యానీ బిల్లు కంటే తక్కువ.

సరే, రెండో వైపు కూడా వినాలి. డిపార్ట్‌మెంట్ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పన్ను ఆగితే రేషన్, ఆస్పత్రి, టీచర్ జీతం ఆగుతాయి. ప్రతి బాకీకీ కోర్టుకి వెళ్లాలంటే, ఇప్పటికే మన కోర్టుల్లో వాయిదాల సంగతి తెలిసిందే కదా, పదేళ్లు పడుతుంది. ఈలోపు పెద్ద చేప అకౌంట్ ఖాళీ చేసి దుబాయ్‌లో కూర్చుంటుంది. ఫేక్ ఇన్‌వాయిస్‌లతో జీఎస్టీ క్రెడిట్ తినే షెల్ కంపెనీలు ఇవాళ పుట్టి రేపు మాయమవుతాయి. వాళ్ల వెనక వారంట్ పట్టుకుని పరిగెత్తినా దొరికేది తాళం వేసిన షట్టరే. ఇది నిజం.

కానీ ఆ స్పీడు అందరి మీదా ఒకేలా పనిచేస్తుంది, అక్కడే సమస్య. జీఎస్టీలో 83వ సెక్షన్ ఉంది. ఇంకా పన్ను ఎంతో తేలకముందే, ఆర్డర్ రాకముందే, ప్రభుత్వ ఆదాయం కాపాడాలి అనిపిస్తే కమిషనర్ మీ అకౌంట్‌ని తాత్కాలికంగా అటాచ్ చేయొచ్చు. తాత్కాలికం అంటే ఏడాది వరకు. చిన్న వ్యాపారానికి ఏడాది పాటు కరెంట్ అకౌంట్ ఆగిపోతే ఇక మిగిలేదేంటి? ఇన్‌కమ్ ట్యాక్స్‌లోనూ 281బి అని ఇలాంటిదే ఉంది, దానికి పై అధికారి అనుమతి కావాలి. అనుమతి ఉంది, బాగుంది. కానీ అది తమ్ముడు చేసే పనికి అన్నయ్య ఓకే చెప్పినట్టు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే టార్గెట్.

83వ సెక్షన్ మీద 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. రాధా క్రిషన్ ఇండస్ట్రీస్ వర్సెస్ హిమాచల్ ప్రదేశ్. ఈ అధికారం చాలా కఠోరమైనది, చేతిలో గట్టి ఆధారం ఉంటేనే వాడాలి, ఊహతో వాడకూడదు, అవతలివాళ్ల అభ్యంతరం తీసుకోవాలి, వాళ్ల మాట వినాలి కూడా అని చెప్పింది. మంచి తీర్పే. కానీ గమనించండి, ఆ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగింది కాబట్టి వచ్చింది.

నా దృష్టిలో అసలు పాయింట్ ఇదే ఫ్రెండ్స్. మన దగ్గర కోర్టు లేదని కాదు. తెలంగాణ హైకోర్టులో రిట్ వేయొచ్చు, చాలామందికి రిలీఫ్ కూడా దొరుకుతుంది. ప్రశ్న ఏంటంటే కోర్టుకి ఎవరు వెళ్లాలి? ముందే అనుమతి తీసుకోవాలి అంటే ఆఫీసర్ వెళ్లాలి, ఆధారాలు ఆఫీసర్ చూపించాలి, అప్పటిదాకా డబ్బు మీ దగ్గరే ఉంటుంది. ఇప్పుడున్న పద్ధతిలో మీరు వెళ్లాలి. అదీ అకౌంట్ ఆగిపోయిన తర్వాత. లాయర్ ఫీజు కట్టాల్సిన డబ్బే లాక్ అయి ఉంటుంది. నలభై వేల డిమాండ్ కోసం రిట్ వేయడానికి ఎంతవుతుందో కనుక్కోండి, చాలామంది నోరు మూసుకుని కట్టేసేది అందుకే.

వేరే దేశాల్లో ఎలా ఉంది? మన వాళ్లు బోలెడుమంది ఉన్న అమెరికాతో మొదలుపెడదాం. అక్కడ కూడా ఐఆర్ఎస్ కోర్టుకి వెళ్లకుండానే బ్యాంకు అకౌంట్ పట్టుకోవచ్చు. అమెరికాలో అన్నిటికీ జడ్జి కావాలి అనుకుంటే పొరపాటే. కానీ 1997, 98లో సెనేట్ ముందు ఐఆర్ఎస్ వేధింపుల మీద విచారణలు జరిగి, 1998లో చట్టం మార్చారు. వసూలుకి దిగే ముందు నోటీసు ఇచ్చి, 30 రోజుల్లోపు హియరింగ్ అడిగే హక్కు ఇచ్చారు. బ్యాంకు అయితే అకౌంట్ ఆపుతుంది గానీ, 21 రోజులు ఆగాకే డబ్బు పంపుతుంది. ఈ 21 రోజులు చిన్న విషయం కాదు, తప్పు లెక్క ఉంటే సరిచేసుకునే టైమ్ అది. ఇక మీరు ఉంటున్న సొంత ఇల్లు తీసుకోవాలంటే మాత్రం ఫెడరల్ కోర్టు జడ్జి రాతపూర్వక అనుమతి తప్పనిసరి.

కెనడాది నాకు ఇంకా నచ్చింది. అక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ అసెస్‌మెంట్ అయ్యాక మామూలుగా 90 రోజులు వసూలు చర్యలు ఉండవు, అభ్యంతరం వేస్తే అది తేలేదాకా చాలా కేసుల్లో ఆగుతుంది. "ఆగితే డబ్బు మాయమవుతుంది" అని డిపార్ట్‌మెంట్ భయపడితే జడ్జి దగ్గరికి వెళ్లి ఆ భయానికి ఆధారం చూపించి ఆర్డర్ తెచ్చుకోవాలి. అవతలివాళ్లకి చెప్పకుండానే వెళ్లొచ్చు, కాబట్టి పెద్ద చేప పారిపోదు. తర్వాత ఆ ఆర్డర్‌ని మళ్లీ చూడమని మీరు అడగొచ్చు. అంటే స్పీడు ఉంది, మధ్యలో బయటి మనిషి కన్ను కూడా ఉంది.

ఇంగ్లండ్ మాత్రం ఒక హెచ్చరిక. అక్కడ కౌన్సిల్ ట్యాక్స్ బాకీ వసూలుకి ముందు మెజిస్ట్రేట్ కోర్టు నుంచి ఆర్డర్ తీసుకోవాలి. వినడానికి సూపర్. కానీ ఒకే పూట వందల పేర్లు కలిపి ఆర్డర్లు ఇచ్చేస్తారు. జడ్జి చదివేది లిస్టు, మనిషిని కాదు. మన జీఎస్టీలో మెజిస్ట్రేట్ దారి అన్నానే, అందులో కూడా చట్టం మెజిస్ట్రేట్‌ని "నిజమా కాదా తేల్చు" అనడం లేదు, "వసూలు చెయ్" అంటోంది. కోర్టు ముద్ర పడినంత మాత్రాన న్యాయం జరిగిపోదు, అది రబ్బర్ స్టాంపే అయితే.

కాబట్టి ప్రతి చిన్న బాకీకీ ముందు కోర్టుకి వెళ్లాలి అని నేను అనను. మూడు చోట్ల మాత్రం జడ్జి లేకుండా కుదరకూడదు అంటాను. ఆర్డర్ రాకముందే చేసే అటాచ్‌మెంట్ ఒకటి. ఎందుకంటే అక్కడ ఇంకా బాకీ అనేదే లేదు, అనుమానం మాత్రమే ఉంది. ఉంటున్న ఇల్లు రెండోది. మనిషిని నిర్బంధించడం, దీని గురించి చెప్పేదేముంది, 1957 నాటి తీర్పుని మళ్లీ పరీక్షించాల్సిన టైమ్ ఎప్పుడో దాటింది. మిగతా వాటికి అమెరికాలో లాగా బ్యాంకు దగ్గర 21 రోజుల గ్యాప్ పెట్టినా చాలా ప్రాణాలు కుదుటపడతాయి. మన రాజ్యాంగంలో 265వ అధికరణం చట్టం లేకుండా పన్ను వేయకూడదు అని ఆగలేదు, వసూలు కూడా చేయకూడదు అంది. ఆ రెండో మాట మీద మనం పెద్దగా మాట్లాడుకోం.

దీనికి కుర్రాళ్లకి ఏం సంబంధం అంటారా? 2025 జులై గుర్తుందా? కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. బెంగళూరులో షాపుల ముందు "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" బోర్డులు వెలిశాయి. మీ స్కానర్‌లో పడే ప్రతి రూపాయీ కనిపిస్తుంది. ఫ్రీలాన్స్ చేసేవాళ్లు, ఇన్‌స్టాలో చీరలు, కేకులు అమ్మేవాళ్లు, అందరూ ఈ లైన్లోనే ఉన్నారు.

ఇక చట్టం మారేదాకా ఏం చేయాలి? నోటీసు ఎక్కడికి వస్తుందో ముందు చూసుకోండి. పోర్టల్‌లో ఉన్న మెయిల్ ఐడీ ఎవరిది? చాలామందిది రిజిస్ట్రేషన్ చేసిన కన్సల్టెంట్‌ది, ఆయన మూడేళ్ల కింద ఫోన్ నంబరే మార్చేసి ఉంటాడు. నోటీసు వచ్చి 30 రోజులు అయిపోయిందని అకౌంట్ ఆగాక తెలుస్తుంది. ఇవాళే మార్చుకోండి, ఐదు నిమిషాల పని. ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి వచ్చే లెటర్ మీద 2019 అక్టోబర్ నుంచి డిన్ అనే నంబర్ ఉండాలి, దాన్ని పోర్టల్‌లో చెక్ చేయొచ్చు. వాట్సాప్‌లో వచ్చే బెదిరింపు పీడీఎఫ్‌లు చూసి డబ్బులు పంపేయకండి.

డిమాండ్ తప్పు అనుకుంటే అప్పీల్ వేస్తే సరిపోతుంది అనుకోవద్దు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో అప్పీల్ వేసినంత మాత్రాన వసూలు ఆగదు. స్టే కోసం విడిగా రాసి ఇవ్వాలి. 2017 నుంచి డిపార్ట్‌మెంట్ మామూలుగా 20 శాతం కట్టమంటుంది. అంతకంటే తక్కువకి కూడా ఒప్పుకునే అధికారం వాళ్లకి ఉందని 2018లో ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, లెటర్‌లో ఆ కేసు పేరు రాయండి. జీఎస్టీలో అయితే మూడు నెలల్లోపు మొదటి అప్పీల్ వేసి, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం కడితే మిగతా వసూలు ఆగుతుంది. ఆర్డర్ రాకముందే 83 కింద అటాచ్ చేస్తే డీఆర్సీ-22ఏ అనే ఫారంలో అభ్యంతరం వేయండి, హియరింగ్ అడగండి.

ఉద్యోగం చేసేవాళ్లకి ఒక్క మాట. జీతం మీద అటాచ్‌మెంట్ వస్తే మొత్తం జీతం తీసుకోవడానికి వీల్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఇచ్చే రక్షణ ఇన్‌కమ్ ట్యాక్స్ వసూలుకి కూడా వర్తిస్తుంది. మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. నలభై వేల జీతం అయితే వెయ్యి, ప్లస్ 39 వేలలో 26 వేలు, మొత్తం 27 వేలు మీవే. 13 వేలకి మించి కట్ చేస్తే కంపెనీ హెచ్ఆర్‌కి, ఆఫీసర్‌కి ఇద్దరికీ ఈ సెక్షన్ కోట్ చేసి మెయిల్ పెట్టండి. జీతం ఒకసారి అకౌంట్‌లో పడి మిగతా డబ్బుతో కలిసిపోయాక ఇదే రక్షణ కోసం వాదించడం కష్టమవుతుంది, అందుకే లెటర్ కంపెనీకి వచ్చిన రోజే కదలాలి. ఆ మెయిల్ తెలుగులో, ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో ఒక నమూనా వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటా మరి.